మీ ఇంట్లో మూడు రోజుల నీళ్లున్నాయా?

పడమటి కర్నూలులో నీళ్లు పట్టి పెట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేని విద్య. ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా కొళాయి వచ్చే వేళకి బిందెలు, డ్రమ్ములు, బకెట్లు వరసలో ఉంటాయి. ఇల్లు కట్టేవాళ్లు గదుల లెక్క తేలకముందే సంపు ఎంత లోతు తవ్వించాలో ఆలోచిస్తారు. అయితే పట్టి పెట్టుకోవడం వేరు, ఆపద వేళ ధైర్యంగా తాగేలా పెట్టుకోవడం వేరు. చాలా ఇళ్లలో లోటు ఆ రెండోదే.

కాలువ ఆగితే...

ఈ పట్టణాల దాహం తీర్చేది తుంగభద్ర దిగువ కాలువ. ఎక్కడో హోస్పేట దగ్గర డ్యాంలో మొదలై, బళ్లారి జిల్లా అంతా దాటి ఇక్కడికొస్తుంది. కాలువకి నీళ్లు వదిలిన రోజుల్లో ఆదోని కోసం బసాపురం వేసవి జలాశయాన్ని నింపుకోవాలి. కాలువ కట్టేశాక దాంతోనే నెట్టుకురావాలి. 1953లో పూర్తయినప్పుడు సుమారు 132 టీఎంసీలు పట్టిన తుంగభద్ర డ్యాం, పూడిక పేరుకుని ఇప్పుడు 105 టీఎంసీల దగ్గరికి వచ్చింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, తాత్కాలిక గేటు దించేందుకు వారం రోజులు పట్టింది. ఆ వారమంతా కాలువ కింది ఊళ్లవాళ్లు నది వైపే చూస్తూ కూర్చున్నారు.

నీళ్లు తక్కువైతేనే కాదు, ఎక్కువైనా కష్టమే. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, కర్నూలు నగరాన్ని ముంచేసింది. చుట్టూ నీళ్లే, గొంతు తడుపుకోవడానికి మాత్రం గుక్కెడు లేవు. ఇక 2021 ఏప్రిల్‌లో వరదా లేదు, కరవూ లేదు. అయినా ఆదోని అరుణ్‌జ్యోతి నగర్‌లో, పాణ్యం మండలం గోరుకల్లులో అతిసారం ప్రబలింది. జనం ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలూ పోయాయి. కలుషితమైన తాగునీటి మీదకే అందరి వేళ్లూ వెళ్లాయి.

ఎన్ని నీళ్లు? దేంట్లో?

లెక్క సులువే. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకి కనీసం 4 లీటర్లు. నలుగురున్న ఇంటికి మూడు రోజులకి 48 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు రెండూ, ఒక పెద్ద బిందే. ఎండాకాలంలోనూ, పాలిచ్చే తల్లి ఉన్న ఇంట్లోనూ ఇంకొంచెం ఎక్కువే ఉండాలి. స్నానాలకీ గిన్నెలకీ వాడేవి ఈ లెక్కలోకి రావు.

మూతి ఇరుకుగా ఉండి, అడుగున కొళాయి ఉన్న పాత్ర అన్నిటికన్నా మంచిది. చెయ్యి లోపలికి పోదు కాబట్టి మురికీ పోదు. బిందెలో ముంచుకునేవాళ్లు పొడవాటి కాడ ఉన్న గరిటె పెట్టుకోవాలి. పత్తి పండే ప్రాంతం కాబట్టి ఓ హెచ్చరిక. పురుగుమందు డబ్బాలు, రసాయనాలు తెచ్చిన డ్రమ్ములు ఎన్నిసార్లు కడిగినా తాగునీటికి పనికిరావు. పశువులకీ వాటిలో పెట్టకూడదు.

క్యాన్ నీళ్ల గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆర్వో ప్లాంటులో శుద్ధి చేసినప్పుడు నీళ్లలోని క్లోరిన్ కూడా పోతుంది. ఆ తర్వాత మురికి చెయ్యో గ్లాసో తగిలితే క్రిములని అడ్డుకునేది ఏదీ ఉండదు. రుచి బాగుంది కదా అని తెరిచిన క్యాన్‌ని రోజుల తరబడి అట్టే ఉంచకూడదు. ముక్కుకి కాస్త ఘాటు తగిలే కొళాయి నీళ్లే నిల్వకి నయం.

ముందు తేర్చాలి, తర్వాత శుద్ధి

బురద నీళ్లలో ఎంత మందు వేసినా పని చేయదు. క్రిములు మట్టి రేణువుల చాటున దాక్కుంటాయి. ముందు పటిక ముక్కని నీళ్లలో నాలుగు చుట్లు తిప్పి, కదపకుండా వదిలేయాలి. మన పెద్దలు కుండ లోపల చిల్లగింజ అరగదీసిందీ ఇందుకే. పైకి తేరిన నీళ్లని పాత నూలు చీరని నాలుగు మడతలు పెట్టి వడకట్టాలి. బంగ్లాదేశ్ పల్లెల్లో ఇలా చీరతో వడకట్టుకున్న ఇళ్లలో కలరా దాదాపు సగం తగ్గిందని 2003లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఉతికి ఉతికి నలిగిన బట్ట ఇంకా మంచిది, పోగుల మధ్య సందులు తగ్గుతాయి. ఆ తర్వాత ఈ కింది వాటిలో ఏదో ఒకటి చేయాలి.

మరగబెట్టడం: బుడగలు తెర్లుతూ పైకొచ్చాక మరో నిమిషం ఉంచితే చాలు. గంటల తరబడి కాచి గ్యాస్ తగలేయక్కర్లేదు. కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చి, ఒక రోజులో వాడేయాలి.

క్లోరిన్ మాత్రలు: ఒక మాత్ర ఎన్ని లీటర్లకో అట్ట మీద రాసి ఉంటుంది. దాని ప్రకారమే వేసి, కనీసం అరగంట ఆగి తాగాలి.

బ్లీచింగ్ పౌడర్: సంపుకి ఇదే వాడాలి. తేట నీళ్లయితే వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల తాజా పొడి చాలు. కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి, బకెట్ నింపి, సుద్ద అడుగుకి దిగాక పైతేట మాత్రమే సంపులో పోయాలి. గంట ఆగాలి. మూత తీసి ఉంచిన పాత పొడికి శక్తి ఉండదు. వరద నీళ్లు చొరబడిన సంపునైతే పూర్తిగా తోడి, కడిగి, మళ్లీ నింపుకోవాల్సిందే.

ఎండ: గ్యాస్, మాత్రలు రెండూ లేకపోతే సూర్యుడున్నాడు. రంగులేని, గీతలు పడని ప్లాస్టిక్ సీసాల్లో తేట నీళ్లు నింపి, మంచి ఎండలో ఆరు గంటలు పడుకోబెట్టాలి. మబ్బు పడితే రెండు రోజులు. సీసా రెండు లీటర్లకి మించకూడదు.

బోరు నీళ్ల సంగతి?

ఈ ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనిచోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని ప్రమాణాలు చెబుతున్నాయి. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు సరికదా, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. క్లోరిన్ దాన్ని తాకదు. అలాగని ఆపదలో బోరు దగ్గర దాహంతో నిలబడక్కర్లేదు. ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి తాగితే ఎముకల్ని తినేది, అతిసారం గంటల్లో మనిషిని పడగొట్టేది. రెండు మూడు రోజులకైతే ముందు క్రిముల సంగతి చూడాలి.

ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే శుద్ధి చేసిన లీటరు నీళ్లలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి గుక్క గుక్కగా తాగిస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నీళ్లు మానిపిస్తే విరేచనాలు ఆగుతాయన్న మాట నమ్మకూడదు, పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది అదే.

శుక్రవారం పని

నిల్వ నీళ్లు దోమలకీ ఇష్టమే. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం, పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే పెట్టింది అందుకే. ఆ రోజు తాగునీటి పాత్రలు కూడా ఖాళీ చేసి, లోపల గోడలు తోమి, తాజా నీళ్లు పట్టాలి. తీసిన నీళ్లు పారబోయొద్దు, మొక్కలకీ బట్టలకీ వాడుకోవచ్చు. పాత్ర మీద తేదీ రాసిన కాగితం అతికిస్తే ఇంట్లో ఎవరు చూసినా తెలుస్తుంది. పటిక ముక్క, మాత్రల అట్ట, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఒక పాత నూలు చీర ముక్క... ఇవన్నీ ఒక డబ్బాలో వేసి పిల్లలకి అందని అటక మీద పెట్టుకుంటే సరి. ఖర్చు వంద రెండొందలు. కాలువలోకి నీళ్లెప్పుడు వదులుతారో మన చేతుల్లో లేదు, ఆ డబ్బా మాత్రం మన చేతుల్లోనే ఉంది.