మేకు మిగిలింది - గేరు పోయింది!
చిన్న పిన్ను దగ్గర పొదుపు బోటు మోటారుకే ముప్పు

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం వుంది. అయినా పెక్కు గ్రామాలలో బోట్లు ఇసుక మీదనుంచే కెరటాలలోకి దిగాలి, తిరిగి ఇసుక మీదికే చేరాలి. తెడ్డు, తెరచాపల కాలంలో దీనివల్ల పెద్ద నష్టం వుండేది కాదు. ఫైబరు బోట్లు, వాటి వెనుక బిగించే మోటార్లు వచ్చాక మాత్రం ఇసుక తిన్నె తగిలినా, కొట్టుకువచ్చిన దుంగ తగిలినా ముందుగా దెబ్బతినేది ప్రొపెల్లరే.

దెబ్బ తగలడం కంటే, తగిలిన తర్వాత చేసే మరమ్మతువల్లనే ఎక్కువ నష్టం జరుగుతున్నది.

విరగడానికే పిన్ను

చిన్న మోటార్లలో ప్రొపెల్లరును ఇరుసుకు కలిపి వుంచేది ఒక మెత్తని లోహపు పిన్ను. దీనిని షియర్ పిన్ను అంటారు. రెక్క దేనికైనా బలంగా తగిలితే ఈ పిన్ను విరిగిపోతుంది. అది లోపం కాదు. గేరుకు తగలవలసిన దెబ్బను తాను తీసుకోవడమే దాని పని. విరిగిన పిన్ను స్థానంలో ఇనుప మేకు దూర్చి బిగిస్తే ఆ పూటకు బోటు కదులుతుంది. మళ్ళీ తిన్నె తగిలిననాడు మేకు విరగదు. గేరు పళ్ళు విరుగుతాయి. కొసరు కోసం అసలు పోగొట్టుకోవడమంటే ఇదే.

పెద్ద మోటార్లలో పిన్నుకు బదులు ప్రొపెల్లరు నడుమ రబ్బరు బుష్ వుంటుంది. అది అరిగి జారితే ఇంజను రొద చేస్తుందే కాని బోటు ముందుకు సాగదు. అటువంటప్పుడు ఇంజను వేగం బాగా తగ్గించి నడిపితే ఒడ్డు చేరే అవకాశం వుంటుంది.

మార్చే పద్ధతి

ముందు ఇంజను ఆపి, స్టాప్ స్విచ్చి క్లిప్పు తీసి, ప్లగ్గు వైర్లు ఊడదీసి, గేరును న్యూట్రల్ లో పెట్టాలి. ఇది చేయకుండా రెక్కలపై చేయి వేయరాదు. ఇంజను అంటుకుంటే వేళ్ళు దక్కవు. తర్వాత నట్టుకు అడ్డంగా వున్న స్ప్లిట్ పిన్ను లాగి, రెక్కకు పైనున్న పలకకు మధ్య చెక్క ముక్క అడ్డం పెట్టి నట్టు విప్పాలి. వాషర్లు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో పక్కన పెట్టుకోవాలి.

ప్రొపెల్లరు ఊడిన తర్వాత ఇరుసు చుట్టూ చూడాలి. నైలాన్ వల దారాలు అక్కడ చుట్టుకొని నూనె సీలును కోసివేస్తాయి. గేరు ఆయిలు పాలవలె తెల్లబడితే లోపలికి నీరు చేరిందని గుర్తు. అప్పుడు సీలు మార్చనిదే కొత్త ప్రొపెల్లరు వేసినా ప్రయోజనం లేదు. ఇరుసుకు నీటికి కరగని గ్రీజు పూసి, కొత్తది ఎక్కించి, నట్టు బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ను వేసి కొనలు వంచాలి. పాత పిన్ను తిరిగి వాడరాదు. అది తెగితే నట్టు వదులై, ప్రొపెల్లరు సముద్రం పాలవుతుంది.

అంకెలు చూసి కొనాలి

ప్రొపెల్లరుపై రెండు అంకెలు వుంటాయి. మొదటిది రెక్కలు తిరిగే చుట్టు వ్యాసం, రెండవది పిచ్. కొయ్యలో మరమేకు ఒక చుట్టుకు ఎంత దిగుతుందో, ఆ విధంగా ప్రొపెల్లరు ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు సాగాలో తెలిపే లెక్క అది. పిచ్ ఎక్కువైతే ఖాళీ బోటు వేగంగా పోతుంది. వలలు, ఐసు, చేపల బరువు పడ్డాక ఇంజను మూలుగుతూ చమురు ఎక్కువ తాగుతుంది. పిచ్ మరీ తక్కువైతే ఇంజను హద్దు మీరి తిరుగుతుంది. ఒక్క అంగుళం తేడాకు నిమిషానికి సుమారు 150 నుంచి 200 చుట్లు మారుతాయి. కనుక ఊడదీసినదాని అంకెలు రాసుకొని దుకాణానికి వెళ్ళడం మేలు.

వేట నిషేధకాలమే అదను

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు బోట్ల వేట నిషేధం. ఈ కాలానికి ఇచ్చే భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2025లో 10 వేల రూపాయల నుంచి 20 వేలకు పెంచింది. ఆ సొమ్ము ఇల్లు గడవడానికే సరిపోదన్నది నిజమే. అయినా పిన్నులు, సీలు, స్ప్లిట్ పిన్నులు ఇంజను ఖరీదు ముందు లెక్కలోనివి కావు. బోటు ఒడ్డున వున్న ఆ రెండు నెలలలోనే వాటిని చూసుకోవడం తేలిక.

మత్స్యశాఖ కూడా ఆ రోజులలో తీర గ్రామాలలో మరమ్మతు శిక్షణ ఏర్పాటు చేస్తే, ఇంజనుతోపాటు విడిభాగాల పెట్టె కూడా అందజేస్తే ఎంతో మేలు జరుగుతుంది. ప్రతి బోటులో రెండు పిన్నులు, ఒక పానా, ఒక చెక్క ముక్క, వీలైతే పాత ప్రొపెల్లరు ఒకటి వుండాలి. నడిసముద్రంలో మోటారు ఆగినప్పుడు కేకవేస్తే పలికే మెకానిక్కు ఎవరూ వుండరు.