కట్ట చేసిన నేరమేమి?

2016 సెప్టెంబరు వానలకు నిజాంపేటలోని బండారి లేఅవుటు మునిగినప్పుడు తుర్క చెరువు పొంగినదని నిందించినవారు పలువురు. నిండిన చెరువు పొంగక యేమి చేయును? మట్టికట్ట వాననీటిని నిలుపును. తూము పొలమున కిచ్చును. ఊట బావులను నింపును. మిగులుజలము అలుగు దాటి దిగువచెరువును చేరును. కాకతీయులనాటి నుండి తెలంగాణమున గొలుసుకట్టు చెరువుల మర్మ మింతియే. ఆ నీటిదారుల కడ్డముగా పునాదులు త్రవ్వి, శిఖము భూములను గజముల లెక్కన నమ్మినవారెవరు? అనుమతిముద్ర వేసినవారెవరు? కొన్నవాడు తీరని అప్పుతో సెల్లారులోని నీరు తోడుకొనుచుండెను. అమ్మినవాడు మెట్టమీద సుఖముగ నుండెను!

2024లో ప్రభుత్వము హైడ్రాను స్థాపించినది, మంచిదే. గోడలు కూల్చిన చాలునా? ముద్రవేసిన చేతిని బోనెక్కించువరకు మేమూరకుండము. అలుగువాగుల హద్దురాళ్లు వచ్చు వర్షాకాలమునకు ముందే నాటవలెను.