చెరువు ఒక అమానతు

వానలు వెనుకబట్టి, చెరువులు నిండుగా కళకళలాడే రోజులివి. సెలవు దొరికిందంటే పిల్లాపాపలతో చెరువు కట్టకు వెళ్లి, చాప పరచుకొని భోంచేసి, నీటి అంచున గాలం వేసి కూర్చోవడం మన కుటుంబాలలో చాలామందికి అలవాటే. ఇది ధర్మసమ్మతమైన ఆనందం. నీటిలో వేటాడే ఆహారాన్ని అల్లాహ్ మనకు హలాల్ చేశాడు (అల్ మాయిద: 96). చేపను జిబహ్ చేయవలసిన అవసరం కూడా లేదు. అయితే ఆ చేప మన చేతికి వచ్చిన మార్గం హలాలేనా అన్నది మాత్రం చూసుకోవాలి.

నీరు, పచ్చిక, నిప్పు - ఈ మూడింటిలో అందరికీ భాగస్వామ్యం ఉందని దైవప్రవక్త (స) బోధించారు (అబూదావూద్). కనుక చెరువు నీరు ఏ ఒక్కరి సొత్తూ కాదు. చేపల సంగతి వేరు. మన తెలుగు నేలపై అనేక గ్రామాలలో చెరువు చేపలపై హక్కు మత్స్యకారుల సహకార సంఘాలకు ఉంటుంది. వానలకు చెరువు నిండాక వారు బొచ్చె, రవ్వ పిల్లలను నీటిలో వదులుతారు. నెలల తరబడి కాపలా కాసి, వేసవిలో నీరు తగ్గాక వలలు వేస్తారు. ఆ రాబడితోనే వారి ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది.

‘నీటిలో తిరిగే చేపకు యజమాని ఎవరు?’ అని కొందరు వాదిస్తారు. నదిలో తనంతట తాను పెరిగిన చేపకు ఆ మాట వర్తించవచ్చు. ఒకరు తెచ్చి వదిలి, కాపాడి పెంచిన చేపకు వర్తించదు. గాలం వేసే ముందు ఒక్క మాట అడుగుదాం. సరేనంటే సంతోషం. వద్దంటే కట్ట మీదే వారి వద్ద కొనుక్కుందాం. పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం మరొకటి ఉండదు.

మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి మత్స్య చట్టమే నిషేధించింది. ఆ విషం పశువుల దాకా పోతుంది. నిలువ నీటిలో మూత్రవిసర్జన చేయరాదని కూడా దైవప్రవక్త (స) వారించారు (బుఖారీ, ముస్లిం). అలాంటప్పుడు ఎంగిలి విస్తళ్లు, ప్లాస్టిక్ సంచులు, కోళ్ల వ్యర్థాలు చెరువులో పారవేయడం మనకు ఎలా తగుతుంది? ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో నిర్మించిన హుస్సేన్ సాగర్ ఒకనాడు హైదరాబాదు దాహం తీర్చింది. మురుగు చేరాక ఆ నీటితో వుజూ చేయడానికైనా మనసొప్పదు. మన ఊరి చెరువుకూ ఆ గతి పట్టకూడదు.

మరొక మాట. మట్టి తవ్విన గోతులు నీటి కింద కనిపించవు. మోకాలి లోతు నీరు ఒక్క అడుగులో తల మునిగే లోతవుతుంది. పెద్దలు తోడు లేకుండా పిల్లలను నీటిలో దిగనీయకండి. చెరువు వలెనే వారూ మనకు అప్పగించబడిన అమానతే.

అమానతును కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.