రామచిలుకను పెంచితే నేరం.. మకాకు కాగితం చాలా?

మదనపల్లె: వసారాలో వేలాడే పంజరం. అందులో జామకాయ కొరుకుతూ పేరు పెట్టి పిలిచే రామచిలుక. తరతరాలుగా కనిపిస్తున్న ఈ దృశ్యంలో నేరం దాగి ఉందంటే నమ్మేవారు తక్కువ. భారీ ధర పోసి తెచ్చిన విదేశీ మకా చిలుకను చూసినప్పుడు మాత్రం ఇది చట్టవిరుద్ధమేమోనన్న అనుమానం చాలామందికి కలుగుతుంది. వాస్తవం ఇందుకు భిన్నం.

మన జీవులపై కఠిన నిషేధం

వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఇంట్లో ఉంటే కలిసివస్తుందన్న నమ్మకంతో కొందరు దాచుకునే నక్షత్ర తాబేలు విషయం మరింత తీవ్రమైనది. రాయలసీమ పొదల అడవుల్లో బతికే ఈ జీవిని 2022 సవరణలో మొదటి షెడ్యూలులో చేర్చారు. దీనికి శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా.

విదేశీ జీవులకు నమోదు

మకా, ఆఫ్రికన్ గ్రే చిలుక, ఇగ్వానా వంటి విదేశీ జీవుల పెంపకంపై చాలాకాలం స్పష్టమైన నిబంధన లేదు. 2020 జూన్‌లో కేంద్రం స్వచ్ఛంద వెల్లడికి ఆరు నెలల గడువిచ్చింది. ఆ గడువులో చెప్పినవారిని జీవి ఎలా వచ్చిందో పత్రాలు చూపమని అడగలేదు. అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాలోని జీవులను నాలుగో షెడ్యూలులో చేర్చిన చట్ట సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమాల ప్రకారం వీటిని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించడం తప్పనిసరి. పాత యజమానులకు ఇచ్చిన ఆరు నెలల గడువు అదే ఏడాది ఆగస్టుతో ముగిసింది. కొత్తగా పొందినవారు 30 రోజుల్లోగా తెలియజేయాలి. ఆస్ట్రేలియాకు చెందిన బడ్జీలు, కాక్‌టీల్‌లు సైటిస్ జాబితాలో లేనందున వాటికి ఈ నమోదు వర్తించదు.

కాగితం తీర్చని ప్రశ్న

నమోదు పత్రం యజమానిని కేసు నుంచి కాపాడవచ్చు. పంజరంలోని జీవి బాధను మాత్రం తీర్చలేదు. ఆకాశంలో మైళ్ల కొద్దీ ఎగరాల్సిన మకా నాలుగడుగుల ఇనుప చట్రంలో ఒంటరిగా ఉంటే దిగులుతో తన ఈకలు తానే పీక్కోవడం కద్దు. అర్ధ శతాబ్దం బతికే ఆ పక్షిని యజమాని తర్వాత ఎవరు చూస్తారు? అరచేతిలో ఇమిడే ఇగ్వానా పిల్ల అయిదారు అడుగులు పెరిగాక దానికి చోటెక్కడ? కొనేముందు ఈ ప్రశ్నలు వేసుకునేవారు అరుదు. రామచిలుకల విషయంలోనూ అంతే. చెట్టు తొర్రల్లోంచి రెక్కలు రాని కూనలను తీసి అమ్ముతారు. ఒకటి కొంటే ఆ చోటికి మరొకటి వస్తుంది. కొనుగోలుదారు ప్రేమే వేటగాడికి పెట్టుబడి అవుతోందన్నది గమనార్హం.

వదిలేస్తే పుణ్యమా?

భయపడి పంజరం తలుపు తీసినా మేలు జరగదు. రెక్కలు కత్తిరించిన చిలుక కాకులకు, పిల్లులకు ఎర అవుతుంది. ఇంట్లో పెరిగిన తాబేలు రోగాలను అడవికి మోసుకుపోవచ్చు. విదేశీ తాబేళ్లను చెరువుల్లో వదిలితే స్థానిక జాతుల తిండికి, తావుకు ముప్పు తప్పదు. అటువంటి జీవులను సమీప అటవీ రేంజి కార్యాలయంలో అప్పగించడమే సరైన మార్గం.

చిలుకను చూడాలనుకునేవారు వాకిట్లో జామచెట్టు నాటితే చాలు. పండు పండే వేళకు అదే వచ్చి వాలుతుంది.