ఆట స్థలం ఎవరిది?



సాయంత్రమైతే అమీర్‌పేట గల్లీల్లో మన పిల్లలు స్కూటర్ల మధ్య వికెట్లు పెట్టుకుని ఆడుతుంటారు. పంజాగుట్ట రోడ్డు మీద ఆ మాత్రం చోటూ లేదు. అందుకే ప్రజాధనంతో స్టేడియం కట్టవచ్చునా అంటే, కట్టవచ్చుననే అంటాము. పేద పిల్లవాడు రోజూ లోపలికి వెళ్లగలగాలి, అదొక్కటే మా షరతు.

2002లో జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో ప్రభుత్వం స్టేడియం కట్టించింది. ఆటలు కొద్ది రోజులే. నిర్వహణ ఖర్చు ఏళ్ల తరబడి. అక్కడి క్రీడా భవనం 2020లో కరోనా ఆసుపత్రి అయింది. ఆపదలో పనికివచ్చింది, సంతోషమే. ఎల్.బి. స్టేడియంలో 2004లోను, 2023లోను ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాలు జరిగాయి. ప్రభుత్వ క్రిస్మస్ విందులూ అక్కడే. (ఆ విందు పాసుల కోసం తిరిగినవారిలో మనమూ ఉన్నాము గనుక ఎవరినీ తప్పు పట్టలేము.) కాని ఆ రోజుల్లో సాధన చేసుకునే పిల్లలు ఎక్కడికి పోవాలి?

2003లో గోపీచంద్ అకాడమీకి గచ్చిబౌలిలో ప్రభుత్వం ఐదెకరాలు లీజుకిచ్చింది. కట్టడానికి నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లు ఇచ్చారు. అక్కడ సాధన చేసిన సింధు 2016లో రియో నుండి రజతం తెచ్చింది. నేల ప్రజలది, ఖర్చు దాతలది. ఈ పద్ధతి మాకు నచ్చింది.

యూసుఫ్‌గూడ ఇండోర్ స్టేడియం మన ఇళ్లకు దగ్గరే. ఒకసారి గేటు దాకా వెళ్లి, మీ పిల్లవాడికి నెలకు ఫీజు ఎంతో అడిగి చూడండి. సొమ్ము మనదే గదా!