సుంకం ఎత్తింది ఢిల్లీ – బరువు పడింది పత్తిచేను మీద

విదేశాలతో వాణిజ్య ఒప్పందాలు ఒకదాని వెనుక ఒకటి జరుగుతున్నాయి. 2022లో ఆస్ట్రేలియాతో, 2024 మార్చిలో స్విట్జర్లాండ్, నార్వే తదితర నాలుగు దేశాల కూటమితో, 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలయ్యాయి. మన సరుకు అమ్ముడుపోతుంది, పెట్టుబడులొస్తాయి, పనులు దొరుకుతాయి అని ప్రభుత్వం చెబుతోంది. వస్తే ఎవరు వద్దంటారు? కాని వచ్చేది ఎవరికి, పోయేది ఎవరిది అన్న లెక్క కూలిజనం చూసుకోక తప్పదు.

నాలుగు దేశాల కూటమి సంగతే చూద్దాం. 15 ఏళ్లలో 10 వేల కోట్ల డాలర్ల పెట్టుబడి, 10 లక్షల ఉద్యోగాలు అని రాసుకున్నారు. అది తెచ్చి తీరుతామన్న పూచీ కాదు, చేరుకోవలసిన లక్ష్యం మాత్రమే. మనవైపు సుంకాల తగ్గింపు మాత్రం 2025 అక్టోబరు 1 నుంచే మొదలయింది. వాళ్లది వాయిదా, మనది రొక్కం!

ఇక పత్తి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతం చేసింది. బట్టల ఎగుమతులు దెబ్బతింటాయని, మిల్లులకు పత్తి చవగ్గా దొరకాలని కేంద్రం ఆగస్టు 19న పత్తి దిగుమతి మీదున్న 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మన వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు చేలల్లో పత్తి తీసేది ఎప్పుడు? సరిగ్గా ఆ నెలల్లోనే.

పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు అని ప్రకటించారు. కాని తేమ 12 శాతం దాటితే సి.సి.ఐ. కొనదు. అక్టోబరు చివర మొంథా తుఫానుకు పత్తి చేలోనే నానింది. నానిన పత్తిని రైతు ఎక్కడ పెట్టుకుంటాడు? దళారి అడిగిన ధరకే వదులుకున్నాడు. కౌలురైతు గతి మరీ అధ్వాన్నం. అతని పేరు కాగితాల్లోనే ఉండదు.

రైతుకు పోయిన రూపాయి రైతు దగ్గరే ఆగదు. ఎరువు కొట్టువాడు తగ్గడు, అప్పిచ్చినవాడు వడ్డీ తగ్గించడు. తగ్గించగలిగింది ఒక్కటే – పత్తి తీసే ఆడకూలీకి కిలోకు ఇచ్చే పైసలు. "ధర లేదమ్మా, ఏం చేసేది" అంటాడు. ఆయన చెప్పేదీ అబద్ధం కాదు. కాని అమెరికా వేసిన సుంకాన్ని చివరికి కట్టింది ఆమె ఒడి నుంచే.

మిల్లు నడిస్తే కార్మికునికి పని ఉంటుంది కదా అంటారు. నిజమే, మిల్లు కార్మికుడు మనవాడే. అతన్ని కాపాడే ఖర్చు ఖజానా భరించాలి. పత్తిచేను మీద వేయడం న్యాయం కాదు.

మేము వ్యాపారం వద్దనడం లేదు. అడిగేవి మూడే: ఏ ఒప్పందమైనా సంతకానికి ముందు పార్లమెంటులో, శాసనసభల్లో చర్చ జరగాలి, కోతల కాలంలో దిగుమతి సుంకం ఎత్తకూడదు, కౌలురైతు పత్తిని సైతం మద్దతు ధరకు కొని, పత్తి తీసే కూలికి కనీస రేటు కట్టాలి.

వచ్చే సీజన్ దాకా ఆగితే ఆలస్యమే. రైతు, కూలీ ఒకరి మీద ఒకరు పడడం మాని, ఊరూరా కలిసి కూర్చొని ఈ లెక్క తీయాలి. ఆ లెక్క పట్టుకొని ఇద్దరూ కలిసే మార్కెట్ యార్డు ముందు నిలబడాలి.