పిన్ను చేతికి ఒక స్టార్టర్ కావాలి

"బోర్డు కొనండి, కోడ్ రాయండి, దీపం వెలుగుతుంది. పల్లెటూరి పిల్లలకు ట్రాన్సిస్టర్ పాఠం దేనికి?" ఎలక్ట్రానిక్స్ నేర్పేవాళ్లలో ఇప్పుడు ఈ మాట బలంగా వినబడుతోంది. నేను ఒప్పుకోను. నర్సింహులపేట మండలం పిల్లల విషయంలోనైతే అసలే ఒప్పుకోను.

అందులో ఉన్న నిజం కాదనను. ఆర్డుయినో ఊనో పిన్ను 5 వోల్టులు ఇస్తుంది, ఎర్ర ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మధ్యలో 220 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే పారేది 14 మిల్లీఆంపియర్ల లోపే. ఒక్క దీపానికి ట్రాన్సిస్టర్ అక్కర్లేదు.

కానీ ఏ పిల్లవాడు ఒక్క దీపంతో ఆగాడు? వినాయక చవితి మండపం చుట్టూ 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ తిప్పాలంటాడు. మీటరుకు 60 దీపాలుండే 5050 రకం పట్టీ ఒక్క మీటరుకే సుమారు 1.2 ఆంపియర్లు లాగుతుంది. పిన్ను తట్టుకునే కడపటి హద్దు 40 మిల్లీఆంపియర్లు. అంటే పట్టీ లాగేది దానికి 30 రెట్లు! పైగా పట్టీ గుండా 12 వోల్టులు పిన్నులోకి దూరితే చిప్పే పోతుంది. కోడ్‌లో తప్పేమీ ఉండదు, పిల్లవాడు మాత్రం రాత్రంతా కోడ్‌లోనే తప్పు వెతుక్కుంటాడు. ఆ రాత్రికి జవాబుదారీ నేర్పినవాళ్లే.

"రిలే మాడ్యూల్ ఉందిగా" అంటారు. దాన్ని ఒకసారి పరిశీలించి చూడండి. రిలే పక్కన డయోడ్, దాని దగ్గరే చిన్న ట్రాన్సిస్టర్! వద్దన్న పాఠం అందులోనే ఉంది.

అన్నిటికన్నా నన్ను బాధించేది, పల్లె పిల్లల బుర్రకు ఇది ఎక్కదనడం. బోరు దగ్గర స్టార్టర్ డబ్బా వాళ్లకు కొత్తా? పచ్చ బటన్ నొక్కితే కాయిల్ లాగుతుంది, కాంటాక్టులు ఠక్కున కలుస్తాయి, మూడు ఫేజుల కరెంటు మోటారుకు పోతుంది. కాయిల్ తీసుకునేది కొద్ది కరెంటు, మోటారు లాగేది ఎన్నో రెట్లు. ట్రాన్సిస్టర్ మూడు కాళ్లలో బేస్ కాయిల్ లాంటిది, కలెక్టర్, ఎమిటర్ కాంటాక్టుల లాంటివి అంటే ఈ పిల్లలకు వెంటనే అందుతుంది. ఒక్క తేడా దాచకూడదు. స్టార్టర్‌లో కాయిల్ దారి వేరు, మోటారు దారి వేరు. ట్రాన్సిస్టర్‌లో రెండు కరెంట్లూ ఎమిటర్ గుండానే బయటికొస్తాయి. అందుకే బోర్డు మైనస్, 12 వోల్టుల సప్లై మైనస్ కలపాలి. ఇది మరిచి, ట్రాన్సిస్టర్ చెడిందని పారేసేవాళ్లు ఎందరో.

మెకానిక్ షాపులో మూలన పడ్డ పాత స్టార్టర్ ఒకటి తెచ్చి, పక్కన బీసీ 547 ట్రాన్సిస్టర్ పెట్టి పాఠం మొదలుపెట్టండి. బేస్‌కు 1 కిలో ఓమ్ రెసిస్టర్. పిన్ను ఇచ్చే 5లోంచి బేస్, ఎమిటర్ల మధ్య పోయే 0.7 తీసేస్తే 4.3 వోల్టులు, అంటే 4.3 మిల్లీఆంపియర్లు. స్విచ్‌గా వాడేటప్పుడు దానికి పది రెట్లు, 43 మిల్లీఆంపియర్ల దాకా నమ్మకంగా నడపొచ్చు. మీటరు పట్టీకి ఇది చాలదని పిల్లలే చెబుతారు. అప్పుడు అంత కరెంటూ మోయగల మరో రకం ట్రాన్సిస్టర్, ఐఆర్‌ఎల్‌జెడ్ 44ఎన్ మాస్‌ఫెట్, వాళ్ల చేతిలో పెట్టండి.